ఫ్యూజు పోని వారం

వాసన మళ్ళీ వచ్చింది.

కోడలు పిండి చేతులతోనే హాల్లోకి వచ్చింది. మామగారు గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆయన తలకు జానెడు పైన కరెంటు బోర్డు, దానికి చెక్క తలుపు.

"మామయ్యగారూ, మీకు వాసన రావడం లేదా?"

"వస్తోంది. చేప వాసన."

"ఈ ఇంట్లో చేప వండి ఎన్నాళ్ళైంది?"

"పక్కింటివాళ్ళు వండుతున్నారేమో."

"పక్కిల్లెక్కడుంది మామయ్యగారూ? అటు ఖాళీ స్థలం, ఇటు మూసేసిన మిల్లు గోడ."

మామగారు పేపరు రెండో వైపు తిప్పారు. "అయితే నీ పొయ్యి."

"పొయ్యి ఇంకా వెయ్యనే లేదు. పిండి పొంగుతోంది."

ఆమె బోర్డు తలుపు వైపు చెయ్యి చాచింది. మామగారు కుర్చీలోంచి లేవకుండానే పేపరు చుట్టి ఆ చేతికి అడ్డం పెట్టారు.

"తడి చెయ్యి."

"తుడుచుకుని వస్తాను."

"తుడుచుకున్నా వద్దు."

లోపలి గదిలో ఆక్సిజన్ మెషీన్ నడుస్తోంది. దాని రొద మీదుగా అత్తగారి గొంతు వినిపించింది. ఒక్కో మాటకూ ఒక ఊపిరి ఖర్చు పెట్టినట్టు మాట్లాడతారావిడ.

"ఏమిటా గొడవ?"

"ఏం లేదు. నీ కోడలికి ముక్కు ఎక్కువైంది" అన్నారు మామగారు.

"మీకు తగ్గింది" అన్నారు అత్తగారు.

కోడలికి నవ్వు రాలేదు. బోర్డు సంగతి ఎత్తినందుకు పోయిన వారం మామగారు అలిగి పూటంతా అన్నం ముట్టలేదు. "ఆయనకి తెలియని కరెంటు ఉందా? నీ పని నువ్వు చూసుకో" అని భర్త ఆమె నోరు మూయించాడు. అతని మాటలోనూ నిజముంది. ఊళ్ళో సగం ఇళ్ళకు వైరింగు చేసిన చెయ్యి మామగారిది. ఈ బోర్డు ఆయన పెళ్ళైన ఏడాది తనే బిగించుకున్నది. చెక్క పలక మీద పింగాణీ ఫ్యూజులు, పక్కన ఇనప పిడితో మెయిన్ స్విచ్చి. అప్పట్లో ఇంట్లో ఉన్నవి కాసిని బల్బులు, ఒక ఫ్యాను, ఒక రేడియో.

ఇప్పుడు మోటారుంది, గీజరుంది, ఫ్రిజ్జుంది. వెనక గదిలో కోడలు అమ్మకానికి రొట్టెలు, బన్నులు కాల్చే కరెంటు పొయ్యి ఉంది. చలికాలం మొదట్లో అత్తగారిని ఆస్పత్రి నుంచి తెచ్చినప్పుడు ఆక్సిజన్ మెషీన్ కూడా వచ్చింది. బోర్డు మాత్రం అదే.

అందుకే ఆ ఇంట్లో ఏ పెద్ద స్విచ్చి వెయ్యాలన్నా ముందు కేక వెయ్యాలి. "పొయ్యి వేస్తున్నా!" అని వెనక గది నుంచి ఒకరు. "ఆగు, మోటారు నడుస్తోంది!" అని పెరటి నుంచి ఇంకొకరు. "గీజరు ఆపారా?" "ఆపాను, వేసుకో!" కొత్తగా వచ్చినవాళ్ళు ఈ ఇంట్లో ఎప్పుడూ పోట్లాటే అనుకునేవారు. ఎవరైనా కేక మరిచిపోతే ఫ్యూజు పోయేది. మెషీన్ ఆగి కీచుమని మొత్తుకునేది. మామగారు స్టూలెక్కి ఫ్యూజు పీకి, కొత్త తీగ కట్టి, దిగి, మరిచిపోయినవాళ్ళను తిట్టి, మళ్ళీ కుర్చీలో కూర్చునేవారు.

పిండి ముద్ద మీద గుడ్డ కప్పుతుంటే కోడలికి తట్టింది. ఈ వారం కేకలు లేవు.

ఎవరూ మానెయ్యమని చెప్పలేదు. ఎవరో ఒకసారి మరిచిపోయారు. ఏమీ కాలేదు. ఇంకొకరు మరిచిపోయారు. అప్పుడూ ఏమీ కాలేదు. నిన్న పొయ్యి నడుస్తుండగానే భర్త మోటారు వేశాడు. స్నానాల గదిలో గీజరు వెలుగుతూనే ఉంది. ఫ్యూజు పోలేదు. "చూశావా, ఇల్లు దారిన పడింది" అన్నాడతను. ఆమె కూడా ఊపిరి పీల్చుకుంది.

ఎందుకు పోలేదు?

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తల్లో మామగారు ఆమెకు నేర్పిన మొదటి పని ఫ్యూజు కట్టడం. "ఈ తీగ తెగడానికే ఉందమ్మాయ్. ఇది తెగితే వైరు బతుకుతుంది" అన్నారు అప్పుడు.

మామగారు స్నానానికి వెళ్ళేదాకా ఆమె ఆగింది. తర్వాత అత్తగారి గదిలోకి వెళ్ళి మూలనున్న ఆక్సిజన్ సిలిండర్‌ను మంచం పక్కకు లాగింది.

"ఇదెందుకు?" అన్నారు అత్తగారు.

"కాసేపు మెషీన్ ఆగొచ్చు అత్తయ్యగారూ. ఫ్యూజు పోతుందేమో. భయపడకండి."

"ఈ వారం పోలేదుగా."

"అదే నాకూ అర్థం కావడం లేదు."

అత్తగారు ఆమె మొహంలోకి చూశారు. మంచం గోడ పక్కనే ఉంది. వీపు గోడకు ఆనించి, ముక్కు దగ్గర గొట్టం సర్దుకున్నారు.

గీజరు మామగారు వేసుకునే వెళ్ళారు. కోడలు పెరట్లో మోటారు వేసింది. వెనక గదిలో పొయ్యి వేసి చివరికంటా తిప్పింది. ఇస్త్రీపెట్టె పెట్టింది. కేక వెయ్యలేదు. హాల్లోకొచ్చి బోర్డు ఎదురుగా నిలబడింది.

హాల్లో బల్బు మసకబారింది. గోడల మీద వెలుగు పసుపు తిరిగింది. చెక్క తలుపు వెనక జుయ్‌మని ఒక చప్పుడు మొదలైంది, డబ్బాలో తుమ్మెద చిక్కుకున్నట్టు.

"పో" అంది కోడలు పళ్ళ బిగువున. "పో, పోవే."

పోలేదు. చేప వాసన గుప్పున కొట్టింది. ఆమె తలుపు మీద అరచెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన గిన్నెలా ఉంది చెక్క.

ఆమె పరుగెత్తింది. పొయ్యి ఆపింది, ఇస్త్రీపెట్టె పీకింది, పెరట్లోకి వెళ్ళి మోటారు ఆపింది. స్నానాల గది బయట గీజరు స్విచ్చి కూడా తీసేసింది. లోపల మామగారు కేకేశారు.

"ఎవర్రా గీజరు ఆపింది?"

ఆమె వెళ్ళి వంటింటి గడప మీద కూర్చుంది. ఫ్యూజు ఎందుకు పోవడం లేదో ఆమెకిప్పుడు తెలుసు.

కాసేపటికి ఫోన్ తీసి, బన్నులు తీసుకునే క్యాంటీన్‌కు ఇవాళ రావని చెప్పింది. అవతలివాళ్ళు ఏదో అన్నారు. అది విని పెట్టేసి, టెస్టర్‌కు ఫోన్ చేసింది.

టెస్టర్ అసలు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. మామగారి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో మొదటివాడు. ఇప్పుడతనికే జుట్టు తెల్లబడింది. తన పెళ్ళి ఫొటోలో కూడా జేబులో టెస్టర్ పెట్టుకుని నిలబడ్డాడని ఆ పేరు పడింది.

మధ్యాహ్నం వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, గడప లోపలి వైపు కింద కూర్చున్నాడు. బోర్డు వైపు చూడలేదు.

"ఏరా, దారి తప్పావా?" అన్నారు మామగారు కుర్చీలోంచి.

"ఇటుగా పోతూ చూసిపోదామని గురువుగారూ."

"సంచి మోసుకునా?"

"అలవాటు."

"అందులోంచి కొత్త బోర్డుకి పెట్టే ఎం.సి.బి. డబ్బా తొంగిచూస్తోంది. దానికీ నన్ను చూడాలని అలవాటా?"

టెస్టర్ భుజం మీది తువ్వాలు తీసి సంచి మీద కప్పాడు.

"నేనే పిలిచాను మామయ్యగారూ" అంది కోడలు.

"తెలుసు. వీడు పిలవకుండా వచ్చి చాలా ఏళ్ళైంది." మామగారు కళ్ళజోడు తీశారు. "ఒరే, బోర్డు ఎప్పుడు మార్చాలో నీకు నేర్పిందెవరు?"

"మీరే."

"ఏం నేర్పాను? చెప్పు, అమ్మాయి కూడా వింటుంది."

టెస్టర్ పాఠం అప్పజెప్పే పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు. "ఇంట్లో సామాను పెరిగితే మార్చాలి. ఒకటి వేస్తే ఇంకోటి మందగిస్తుంటే మార్చాలి. మాటిమాటికీ ఫ్యూజు పోతుంటే మార్చాలి. బోర్డు చప్పుడు చేసినా, వేడెక్కినా, వైరు పైపొర మాడి చేప వాసన కొట్టినా ఆ పూటే కట్టెయ్యాలి, మర్నాటికి ఉంచకూడదు."

"ఇక్కడ ఫ్యూజు పోతోందా?"

"లేదట. చెల్లెమ్మ చెప్పింది."

"మరింకేం?"

టెస్టర్ నేల చూపులు చూశాడు. "అదే భయంగా ఉంది గురువుగారూ."

మామగారు కళ్ళజోడు అద్దాలు పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టారు. తుడిచిందే తుడుస్తున్నారు.

"పని నేర్చుకునే రోజుల్లో ఒక ఇంట్లో నేను లావు తీగ కట్టాను" అన్నాడు టెస్టర్. "మాటిమాటికీ పిలుస్తున్నారని విసుగొచ్చి. మీరు చూసి నలుగురిలో చెంప పగలగొట్టారు. గుర్తుందా?"

"ఎందరిని కొట్టానో. అందరూ గుర్తుంటారా?"

"నాకు గుర్తుంది."

మెషీన్ రొద ఒక్కటే వినిపిస్తోంది. కోడలు అడగకూడదనుకుంటూనే అడిగింది.

"ఏం తీగ కట్టారు మామయ్యగారూ?"

"ఫ్యూజు కట్టడం నాకు నువ్వు నేర్పుతావా?"

"నాకు నేర్పింది మీరు. అందుకే అడుగుతున్నాను."

ఆయన కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకున్నారు. ఇప్పుడు బోర్డు తలుపు తెరవాలంటే ఆయన లేవాలి.

కోడలు టెస్టర్ వైపు తిరిగింది. "అన్నయ్యా, నువ్వైనా తెరిచి చూడు."

"ఆయన ఊఁ అంటే చూస్తాను."

"అనకపోతే?"

"గురువు బిగించిన బోర్డు ఆయన మాట లేకుండా తెరవం చెల్లెమ్మా. మాలో ఎవరూ తెరవరు. నన్నే కాదు, ఊళ్ళో ఎవర్ని పిలిచినా ఇదే మాట."

"ఇల్లు అంటుకున్నా ఆయన ఊఁ అనేదాకా కూర్చుంటావా?"

"కూర్చుంటాను. ఇసక బకెట్టు పక్కన పెట్టుకుని."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఇద్దర్నీ కలిపి నాలుగు మాటలు అనబోయింది. ఈలోగా లోపల స్టీలు గ్లాసు మంచం కోడుకు తగిలిన చప్పుడు వినిపించింది. అత్తగారు పిలిచే తీరు అది.

"ఏమండీ. ఒకసారి రండి."

మామగారు లేచారు. కుర్చీని అక్కడే, బోర్డుకు అడ్డంగా వదిలి వెళ్ళారు. కోడలు వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"ఇలా కూర్చోండి" అన్నారు అత్తగారు. ఆయన మంచం అంచున కూర్చున్నారు. "గోడ మీద చెయ్యి పెట్టండి."

"ఎందుకు?"

"పెట్టమన్నాక పెట్టండి."

మామగారు ఆవిడ భుజం మీదుగా చెయ్యి చాపి గోడకు ఆనించారు. ఆ గోడకు అవతల వైపు హాలు, బోర్డు.

"వెచ్చగా ఉందా?" అన్నారు అత్తగారు. ఊపిరి తీసుకున్నారు. "నిన్నటి నుంచీ వీపు అక్కడే ఆనించుకుంటున్నాను. హాయిగా ఉందని. గోడకి ఎండ తగులుతోందేమో అనుకున్నాను. ఇందాక అమ్మాయి సిలిండర్ తెచ్చింది. తర్వాత గోడ ఇంకా కాలింది. ఇది లోపలి గోడ కదా, దీనికి ఎండేమిటి అని అప్పుడు తోచింది."

మామగారి చెయ్యి గోడ మీదే ఉంది.

"మీరేం చేశారో నేనడగను" అన్నారావిడ. "నా మెషీన్ ఆపండి. సిలిండర్ పెట్టించండి. వాడిని పని చేసుకోనివ్వండి."

"సిలిండర్ ఎంతసేపొస్తుంది? చీకటి పడ్డాక కాసేపటిదాకా, అంతే."

"ఈ గోడ అంతసేపు ఆగుతుందా?"

ఆయన లేచారు. గుమ్మంలో ఉన్న కోడలిని చూడకుండా దాటి హాల్లోకి వెళ్ళారు. కుర్చీ పక్కకు లాగి, చెక్క తలుపు తెరిచి, మెయిన్ స్విచ్చి పిడి కిందికి దించారు.

ఇల్లు ఒక్కసారిగా ఆగిపోయింది. ఫ్రిజ్జు కుదుపుతో మూగబోయింది. మెషీన్ కీచుమని మొత్తుకుంది. కోడలు దాని నోరు నొక్కి, గొట్టం సిలిండర్‌కు మార్చి, గాలి వదిలే మూత తిప్పింది. బుసబుసమని చప్పుడు మొదలైంది. అత్తగారు కళ్ళు మూసుకుని తల ఊపారు.

కోడలు హాల్లోకి వచ్చేసరికి టెస్టర్ స్టూలు మీదున్నాడు. టార్చి వెలుగులో మామగారు ముందుగా చెయ్యి పెట్టి ఒక ఫ్యూజు పీకారు. దాని పింగాణీ బీటవారి, ఒక అంచు నల్లబడి ఉంది. రెండు ఇత్తడి ముక్కల మధ్య రాగి తీగ. వెంట్రుక లాంటి తీగ ఉండాల్సిన చోట చీపురుపుల్లంత తీగ.

ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకున్నారు.

టెస్టర్ చూశాడు. చూసి, స్టూలు దిగి, సంచీలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. గురువు మొహం చూడకుండా ఉండడానికే వెతుకుతున్నాడని కోడలికి తెలుసు. ముగ్గురిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మరలు విప్పి పలకను గోడ నుంచి లాగాక, చూడాల్సింది ఇంకా ఉందని తేలింది. పలక వెనక భాగం బొగ్గయింది. గోడకు సున్నం ఉబ్బి రాలుతోంది. మీటరు నుంచి దిగే వైర్ల పైపొర కరిగి ఒకదానికొకటి అతుక్కుంది. గోడ లోపలికి పోయే గొట్టం మూతి నల్లగా ఉంది.

"కొత్త బోర్డు పెడితే సరిపోదు" అన్నాడు టెస్టర్. "పైనుంచి దిగే వైరే మాడింది. గోడలో ఎంత దూరం మాడిందో తవ్వితే గానీ తెలీదు. ఆ వైరులో ఇప్పుడూ కరెంటుంది. కరెంటాఫీసువాళ్ళు వచ్చి స్తంభం దగ్గర లైను తీస్తేనే నేను ముట్టుకోగలను."

"ఇవాళ వస్తారా?" అంది కోడలు.

"వెళ్ళి కాళ్ళా వేళ్ళా పడతాను. కానీ రేపటి మాటే అనుకో."

"మెషీన్‌కి మాత్రం ఎక్కడి నుంచైనా తీగ లాగలేవా? ఎదురుగా గోదాములున్నాయిగా."

"సాయంత్రం వాటికి తాళాలు పడతాయి. మధ్యలో లారీల రోడ్డు. చక్రాల కింద నలిగే తీగతో అత్తయ్యగారికి ఊపిరి అందించమంటావా?"

అతను సంచి సర్దుకున్నాడు. వెళ్తూ గురువు వైపు తిరిగాడు. "దేన్నీ మళ్ళీ పెట్టొద్దు గురువుగారూ. ఒక్క నిమిషానికి కూడా."

మామగారికి ఒకరు అలా చెప్పడం కోడలు ఎప్పుడూ వినలేదు. ఆయన సరేనన్నట్టు తల ఊపడమూ చూడలేదు.

ఆస్పత్రి మాట అత్తగారి దగ్గర కోడలే ఎత్తింది.

"చస్తే వెళ్ళను" అన్నారావిడ. "పోయినసారి నెలంతా కప్పు చూస్తూ పడుకున్నాను. పక్క మంచంలో మనుషులు మారుతున్నారు. నేను మాత్రం అక్కడే. మళ్ళీ వెళ్తే ఇక రాను. నాకు తెలుసు."

"ఒక్కరోజుకే అత్తయ్యగారూ."

"అప్పుడూ అదే అన్నావు."

కోడలు సిలిండర్ మీద ఎంత మిగిలిందో చూపే ముల్లు వైపు చూసింది. అత్తగారు ఆమె చూపునే చూశారు. ఆ తర్వాత ఇద్దరూ ముల్లు వైపు చూడడం మానేశారు.

పొద్దు వాలాక భర్త ప్రెస్సు నుంచి వచ్చాడు. అలవాటు కొద్దీ గుమ్మంలోనే స్విచ్చి వేశాడు. తీసి మళ్ళీ వేశాడు.

"ఏమైంది?"

కోడలు కొవ్వొత్తి పట్టుకుని వచ్చింది. గోడ మీద బోర్డు ఉండాల్సిన చోట మసి పట్టిన గుంత, అందులోంచి వేలాడే పలక. అతను దగ్గరకు వెళ్ళి చూశాడు. వెనక్కి తిరిగి భార్యను చూశాడు.

"పొయ్యి వద్దు, వద్దు అని మొత్తుకున్నాను."

ఆమె కొవ్వొత్తిని కిటికీ గట్టు మీద నిలబెట్టింది.

"ఇంట్లో మనిషి ఊపిరి కరెంటు మీద నడుస్తోంది. నీకేమో రొట్టెలు కావాలి. అందరికీ బన్నులు తినిపించాలి! ఇప్పుడేం చేద్దామంటావ్?"

"అనాల్సింది నన్ను కాదండీ" అంది, అంతవరకే.

కుర్చీ ఇప్పుడు హాలు మధ్యలో ఉంది. మామగారు అందులోనే ఉన్నారు. ఆమె ఆయన వైపు చూసింది. ఒక్క మాట చాలు. ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. పేపరు లేదు, కళ్ళజోడు లేదు. ఆ ఒక్క మాట రాలేదు.

భర్త గదిలోకి వెళ్ళాడు. తల్లితో ఏదో మాట్లాడాడు. బయటికి వచ్చేసరికి అతని మొహం మారిపోయింది.

"సిలిండర్ సగం అయిపోయింది నాన్నా. ఆ ఫ్యూజు పెట్టెయ్యండి. పొయ్యి వద్దు, ఫ్రిజ్జు వద్దు, లైటు కూడా వద్దు. మెషీన్ ఒక్కటే. తెల్లారేదాకా."

"పెట్టను" అన్నారు మామగారు.

"ఎందుకు పెట్టరు?"

"వైరు మాడింది."

"మాడినా ఇన్నాళ్ళు నడిచిందిగా. ఒక్క రాత్రికి ఏమవుతుంది?"

"నేనుండగా దాన్ని పెట్టనివ్వను."

"అమ్మ ఉండాలా వద్దా?"

కొవ్వొత్తి వెలుగులో మామగారి దవడ కదిలింది. ఆయన తొడ కింద నుంచి చెయ్యి తీసి, చొక్కా జేబులోంచి ఫ్యూజు తీసి, కొడుకు అరచేతిలో పెట్టారు. చూడమని. అంతకంటే చెప్పడం ఆయనకు చేతకాలేదు.

భర్త దాన్ని కొవ్వొత్తి దగ్గరకు తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు. కరెంటు పని చేసే మనిషికి పుట్టినా, ఫ్యూజు ఎన్నడూ కట్టినవాడు కాదు. ప్రతిసారీ తండ్రే స్టూలెక్కారు.

"బాగానే ఉందిగా" అన్నాడు. "తీగ తెగనే లేదు."

అతను స్టూలు లాక్కున్నాడు.

కోడలు వెళ్ళి స్టూలుకూ గోడకూ మధ్య నిలబడింది. "తెగాలి" అంది. "అది తెగి ఉండాలండీ. ఆ తీగ చూడండి ఎంత లావుందో. తెగకుండా కట్టారు దాన్ని. అందుకే ఈ గోడ ఇలా ఉంది."

"కట్టారా? ఎవరు?"

ఆమె స్టూలును రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు కట్టావా? పొయ్యి ఆగకూడదని?"

"కట్టమన్నది నేను" అన్నారు అత్తగారు గదిలోంచి.

మామగారు చివ్వున తలెత్తారు. ఆయన ఆ సంగతి ఇప్పుడే వింటున్నారని కోడలికి అర్థమైంది.

"నేనే. నా మెషీన్ ఆగిపోతోందని" అన్నారు అత్తగారు. దగ్గు అడ్డం వచ్చింది. "అమ్మాయిని ఏమీ అనకు."

"అబద్ధం" అన్నారు మామగారు.

ఆయన కుర్చీలోంచి లేచారు. రెండు చేతులూ కొవ్వొత్తి వెలుగులోకి చాపి, కొడుక్కి చూపించారు. వేళ్ళు వణుకుతున్నాయి. దాచుకోడానికి తొడల కింద పెట్టుకుంటే ఆగే వణుకు కాదది.

"వారం కింద ఒక రాత్రి ఫ్యూజు పోయిందిరా. సన్న తీగ ఈ వేళ్ళకి దొరకలేదు. మర కిందికి పోనిస్తే జారిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. నువ్వు షిఫ్టులో ఉన్నావు. అమ్మాయిని లేపితే నా చేతులు చూస్తుంది. అక్కడ మీ అమ్మ ఊపిరి నాకు వినిపిస్తోంది. చేతికి అందిన తీగ కట్టేశాను. తెల్లారాక మార్చుదామనుకున్నాను. తెల్లారాక కూడా వేళ్ళు ఇలాగే ఉన్నాయి."

భర్త తన తండ్రి చేతులు చూస్తూ స్టూలు పక్కనే నిలబడిపోయాడు. కోడలు అతని వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి ఫ్యూజు తీసుకుంది. అతను అడ్డు చెప్పలేదు.

ఇంట్లో ఏ చప్పుడూ లేదని ఆమెకు అప్పుడు స్ఫురించింది. బుసబుస కూడా లేదు.

ఆమె కొవ్వొత్తి పట్టుకుని గదిలోకి పరుగెత్తింది. సిలిండర్ అయిపోలేదు. ముల్లు సగానికి కాస్త కిందుంది, అంతే. మూత కట్టేసి ఉంది. మూత మీద అత్తగారి చెయ్యి ఉంది. ఆవిడ పెదవులు రంగు మారుతున్నాయి.

"అత్తయ్యగారూ, ఏం చేస్తున్నారు? తీయండి చెయ్యి!"

"మీ మామగారికి చెప్పు" అన్నారు అత్తగారు. ఒక్కో మాటా దేవుకుని తెస్తున్నారు. "వస్తానని. ఆస్పత్రికి. ఆయన కూడా నాతో రావాలి. ఆ చేతులు... డాక్టరుకి చూపించాలి."

"అందరం వెళ్దాం. ముందు ఇది తిప్పనివ్వండి."

"ఇప్పుడే ఖర్చు చెయ్యడం ఎందుకు? బండి రానీ. మిగిలింది దారి పొడుగునా కావాలిగా."

కోడలు మూత తిప్పబోయింది. అత్తగారు చెయ్యి తీయలేదు.